వృత్తివిద్య: చేరినవారు, నిలిచినవారు, విడిచినవారు

(సమాజ వార్షిక సభలో చేసిన ప్రసంగపాఠము)



ఏ పారిశ్రామిక శిక్షణ సంస్థలోనైనను హాజరుపట్టీ తెరచి చూచినచో, విద్యాసంవత్సరారంభమున వరుసగా నిండియున్న పేర్లలో కొన్నింటిపై కొన్ని నెలలకే గీత పడియుండును. ఆ గీత ప్రక్కన సాధారణముగా ఒక్కటే మాట: “విడిచినాడు”. ఎందుకు విడిచినాడో, ఎచ్చటికి పోయినాడో, పోవునాటికి ఎంత నేర్చినాడో ఆ మాట తెలుపదు. ఫైళ్ల నడుమ జీవితము గడపు ఉద్యోగులకు, ఒక్క మాట క్రింద ఎన్ని కథలు అణగియుండునో వేరుగా చెప్పనక్కరలేదు. వృత్తివిద్యలో చేరిన యువతీయువకులలో కొందరు తుదివరకు నిలుచుటకును, కొందరు నడుమనే తొలగుటకును కారణము లేమి అన్నదే నేటి విచారణ. ఆ ఒక్క మాటను విడదీసి చూడనిదే కారణము తెలియదు; కారణము తెలియనిదే నివారణ దొరకదు. ఈ ప్రసంగ సారాంశ మింతే.

ముందుగా ఈ విద్య మన దేశమున ఎట్లు ఏర్పడినదో కొంచెము జ్ఞప్తికి తెచ్చుకొనుట మంచిది. 1937వ సంవత్సరమున రెండు ముఖ్య విషయములు జరిగినవి. అబట్, వుడ్ అను ఇద్దరు ఆంగ్లేయ నిపుణులు వృత్తివిద్యను గురించి ప్రభుత్వమునకు నివేదిక నొసగిరి. ఆ యేటి అక్టోబరులోనే వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన జరిగిన సమావేశము, చేతిపనిని విద్యకు కేంద్రముగా నుంచవలెనని తీర్మానించెను. రెండవ ప్రపంచయుద్ధము వచ్చినప్పుడు పనితనము తెలిసినవారు వేలకొలది కావలసివచ్చి, 1940లో ప్రభుత్వము సాంకేతిక శిక్షణ పథకమును చేపట్టెను. స్వాతంత్ర్యానంతరము 1950లో, సుమారు 50 సంస్థలతో, నేటి ఐ.టి.ఐ.లకు మూలమైన శిక్షణ పథకము ఆరంభమయ్యెను. శివరావు సంఘపు సిఫారసుల ననుసరించి 1956లో ఆ సంస్థల దైనందిన పాలన రాష్ట్రములకు అప్పగింపబడెను. 1961లో అప్రెంటిసుల చట్టము వచ్చెను. 2015లో ఈ శిక్షణ వ్యవహారము కార్మిక మంత్రిత్వశాఖ నుండి నైపుణ్యాభివృద్ధి మంత్రిత్వశాఖకు మారెను. నాటి 50 సంస్థలు నేడు 14,000 దాటినవి. వానిలో అధికభాగము ప్రైవేటు యాజమాన్యములలో నున్నవి.

ఈ కాలములో లక్ష్యములకు కొదువ లేదు. 1964–66 నాటి కొఠారి సంఘము, పదవ తరగతి దాటి చదువువారిలో సగముమంది 1986 నాటికి వృత్తివిద్యలో నుండవలెనని కోరెను. 1986 నాటి జాతీయ విద్యావిధానము, ఉన్నత మాధ్యమిక విద్యార్థులలో 1990 నాటికి 10 శాతమును, 1995 నాటికి 25 శాతమును వృత్తికోర్సులకు మరలింపవలెనని చెప్పెను. ఆ లక్ష్యము లేవియు నెరవేరలేదు. 2020 నాటి విద్యావిధాన పత్రము పూర్వపు ప్రణాళికా అంచనాలను పేర్కొనుచు, 19 నుండి 24 ఏండ్ల వయస్సుగల భారతీయ శ్రామికులలో లాంఛనముగా వృత్తివిద్య పొందినవారు 5 శాతమునకు లోపే యనియు, జర్మనీలో అది 75 శాతమనియు, దక్షిణ కొరియాలో 96 శాతమనియు తెలిపెను.

ఈ లక్ష్యములలో ఒక పోలిక కలదు. ఎందరు చేరవలెనో అవి చెప్పినవి. చేరినవారిలో ఎందరు పూర్తిచేయవలెనో ఆ అంకెలు చెప్పలేదు. ధాన్యము ఎన్ని బస్తాలు గాదెలో పోసినది వ్రాసికొని, గాదె అడుగున రంధ్రమున్నదో లేదో చూడని గృహస్థుని లెక్కవంటి దిది.

పూర్వము మన గ్రామములలో పని నేర్చుట వేరు విధముగా నుండెను. కమ్మరి కొలిమి వద్ద తిత్తి ఊదుచునే కుమారుడు ఇనుము రంగును బట్టి దాని వేడిమిని గుర్తించుట నేర్చెను. పోచంపల్లిలో చిటికీ కట్టుటయైనను, కొండపల్లిలో పొణికికర్రతో బొమ్మ చెక్కుటయైనను ఇంటిలోనే అబ్బినవి. ఆ విద్యలో “నడుమ విడుచుట” అను ప్రశ్న అరుదు. దానికి కారణము ఆ పిల్లల పట్టుదల మాత్రమే కాదు. మూడు బంధములు వారిని నిలిపినవి. మొదటిది గురువు: అతడు కన్నతండ్రియో, మేనమామయో, తప్పు జరిగిన క్షణముననే చేయి పట్టి సరిదిద్దువాడు. రెండవది భృతి: నేర్చుకొనుచున్న దినములలోనే ఆ పిల్లవాని చేతిపని ఇంటి రాబడిలో చేరెను. మూడవది గమ్యము: నేర్చిన పిమ్మట ఏమి చేయవలెనో, ఎవరికొరకు చేయవలెనో ఎదుటనే కనబడుచుండెను.

ఐనను ఆ పద్ధతిని కీర్తించి ఊరకుండుట న్యాయము కాదు. అక్కడ వృత్తిని మనిషి ఎన్నుకొనలేదు, పుట్టుక ఎన్నుకొన్నది. కొలిమి ఇంట పుట్టనివానికి కొలిమి లేదు. పుట్టినవానికి కొలిమి తప్ప మరొకటి లేదు. దళిత కుటుంబపు కుర్రవాడు టర్నరగుటకును, వ్యవసాయకూలీ కుమార్తె ఎలక్ట్రానిక్స్ మెకానిక్కగుటకును ద్వారము తెరచినది ప్రభుత్వ శిక్షణ సంస్థయే. ఇది చిన్న విషయము కాదు. కాని ఎన్నిక యను స్వేచ్ఛ లభించినప్పుడు పాత మూడు బంధములు తెగినవి. గురువు జీతగాడయ్యెను, భృతి ఆగిపోయెను, గమ్యము దూరమయ్యెను. ఆ మూడింటిని క్రొత్తరీతిని మరల కట్టగలిగిన సంస్థలో విద్యార్థి నిలుచును. కట్టలేనిచోట తొలగును. విడిచినవారిని ఈ దృష్టితో చూచినచో, వారు ఒక్క తెగవారు కారనియు, కనీసము నాలుగు తెగలవారనియు తేలును.

మొదటివాడు మజిలీలో దిగిన బాటసారి. పదవ తరగతి ఫలితములు వచ్చిన తరువాత తెలుగు రాష్ట్రములలో ఒక విద్యార్థి ఎదుట ఇంటర్మీడియెట్టు, పాలిటెక్నిక్ ప్రవేశపరీక్ష, ఐ.టి.ఐ. అను మూడు దారు లుండును. ఏది ముందు పలికిన దానిలో చేరి, మరియొక దానికై ఎదురుచూచుట సహజము. పాలిటెక్నిక్కులో సీటు వచ్చిననాడు అతడు ఐ.టి.ఐ.ని విడచును. మరికొందరి విషయమున సంస్థ దొరకును కాని కోరిన పని దొరకదు. ఎలక్ట్రీషియన్ కావలెనని వచ్చినవానికి మార్కులు చాలక వేరొక పనిలో చోటిచ్చెదరు. వెల్డింగు అనగా నేమో ఒక్కనాడైనను చూడకయే ఆ వరుసలో నిలుచును. అతనికొరకు మార్కులే వృత్తిని ఎన్నుకొన్నవి. మొదటి నెలలోనే ఇట్టివాడు పోయినచో అది అతని చాంచల్యము కాదు, ప్రవేశపద్ధతి లోపము.

రెండవవాడు ఇంటి అవసరమునకు లొంగినవాడు. ప్రభుత్వ సంస్థలలో శిక్షణ రుసుము స్వల్పమే. కాని చదువు ఖరీదు రుసుముతో తీరదు. బస్సుచార్జీ కలదు, మధ్యాహ్నపు భోజనము కలదు, అన్నిటికంటె మిన్నగా, చదువుచున్నన్నినాళ్లు పోగొట్టుకొను కూలి కలదు. పదునెనిమిది నిండిన కుర్రవాడు తాపీమేస్త్రీ క్రింద ఇటుకలు మోసినను, పట్టణములో ఇంటింటికి సరకులు చేరవేసినను ఆ దినమే డబ్బు చూచును. ఫిట్టరు పనికి, ఎలక్ట్రీషియన్ పనికి శిక్షణ రెండేండ్లు. తండ్రి జబ్బుపడిన యింట, అప్పుతీర్చు గడువు దగ్గరపడిన యింట, రెండేండ్ల తరువాత వచ్చు జీతము నేటి గంజికి సాటిరాదు. ఆడపిల్లల విషయమున మరి రెండు చిక్కులు: సాయంకాలపు బస్సు దాటిపోయినచో ఊరు చేరు దారి లేకుండుట, మంచి సంబంధమని చెప్పి నడుమనే పెండ్లి కుదుర్చుట. హాజరుపట్టీలో వీరందరి పేర్ల ప్రక్కను పడునది ఆ ఒక్క మాటయే.

మూడవవాడు పాఠము వలననే విరిగిపోయినవాడు. ఇతనిని గురించి కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఏలయన, సంస్థ తన చేతులతో మార్చగలిగినది ఇతని గతినే. ఫిట్టరు శిక్షణలో చేరువాడు పెద్ద యంత్రముల ముందు నిలుతునని ఊహించుకొని వచ్చును. తొలివారములలో అతనికి లభించునది వైసునకు బిగించిన ఒక ఇనుపముక్కయు, ఒక ఆకురాయియు మాత్రమే. ఆ ముక్కను రాచి, రాచి, మూలమట్టము ఆనించి, వెలుతురునకు ఎత్తి చూడవలెను. సందులో వెలుగు కనబడినచో మరల రాయవలెను. అరచేతులు బొబ్బలెక్కును. ఇరుగుపొరుగున డిగ్రీలో చేరిన మిత్రుడు పుస్తకము చంకనిడి తిరుగుచుండగా, తాను ఇనుపరజను దులుపుకొనుచున్నాడు.

ఈ శ్రమకు అర్థము కలదు. చేతికి సమతలము తెలిసినగాని, వెంట్రుకవాసి తేడాను వ్రేళ్లు గుర్తించినగాని, యంత్రము మీద చేసిన పనిలో తప్పు పట్టుకొనలేడు. ఈ మాట చెప్పి, తాను రాచి చూపి, విద్యార్థి ముక్కలో వచ్చిన తొలి సరియైన అంచును మెచ్చుకొను శిక్షకుడున్నచో బొబ్బలు గర్వచిహ్నములగును. ఆ మాట చెప్పువాడు లేనిచో అవి శిక్షయే యగును. అట్లే, ఒక లేత్ యంత్రము చుట్టును పలువురు నిలిచి, ఒకడు త్రిప్పుచుండగా మిగిలినవారు చూచుచుండిన దినములు, ముడిసరకు రాక కార్యశాల ఖాళీగా నుండిన దినములు, శిక్షకుని స్థానమే పూరింపబడని నెలలు — వీనిలో ప్రతిదియు ఒక కుర్రవానిని ద్వారమువైపు ఒక అడుగు నడిపించును.

దానికి తోడు లెక్కలు, ఇంజనీరింగు డ్రాయింగు. భిన్నములు, దశాంశములు పాఠశాలలోనే సరిగా పట్టుబడనివాడు వెర్నియర్ కాలిపర్సు కొలత చదువలేడు. సాంకేతిక పదములు చాలవరకు ఇంగ్లీషులోనివి. తెలుగు మాధ్యమమున చదివినవాడు పని చేయగలిగియు దాని పేరు వ్రాయలేడు. అట్టివాడు మొదట తరగతిలో వెనుక వరుసకు పోవును, పిదప వారమున కొకనాడు మానును, పిదప రెండునాళ్లు. పరీక్షకు 80 శాతము హాజరు కావలెను. ఆ గీటు దాటి క్రిందికి జారినాడని అతనికి తెలియునాటికి మరలివచ్చు దారి మూసికొనిపోవును. ఇతడు ఒకనాడు విడిచినవాడు కాడు. దినదినము కొంత కొంతగా విడిచినవాడు.

అమెరికా విద్యావేత్త విన్సెంట్ టింటో 1975లో ప్రకటించిన సిద్ధాంతమొకటి ఇచ్చట ఉపకరించును. ఆయన పరిశీలించినది కళాశాల విద్యార్థులను. వృత్తిశిక్షణ సంస్థలను కాదు. ఐనను ఆయన చెప్పిన మూలసూత్రము మన కార్యశాలలకును వర్తించును. విద్యార్థి విడుచుట అతని గుణదోషము వలననే కాక, చేరిన పిమ్మట అతనికిని సంస్థకును నడుమ చదువులోను, సహవాసములోను పొత్తు కుదరకపోవుట వలన జరుగునని ఆయన మతము. సులభముగా చెప్పవలెనన్నచో, “నేను ఇచ్చటివాడను” అను భావము కలిగినవాడు కష్టమునకు ఓర్చుకొనును. కలుగనివాడు చిన్న సాకునకే లేచిపోవును.

నాలుగవవాడు ముందుకు పోయినవాడు. ఇండ్లకు వైరింగు చేయుటయో, మోటార్లకు వైండింగు చేయుటయో కొంత పట్టుబడగానే కాంట్రాక్టరు పిలిచి పని యిచ్చును. మరియొకడు సైన్యములోనో పోలీసుశాఖలోనో ఎంపికయగును. వీరు ధ్రువపత్రము లేకుండ పోయినది నిజమే. కాని వీరిని ఓడిపోయినవారని వ్రాయుట తప్పు. ఇందులోని ప్రమాదము వేరు. సగము నేర్పుతో ఇరువది యేండ్లకు పనిలో దిగినవాడు నలుబది యేండ్లకును ఆ సగము నేర్పుతోనే యుండవచ్చును. విద్యుత్తుతో పనిచేయువానికి తెలియని సగములో ప్రాణాపాయము కూడ కలదు. అతనికి కావలసినది మందలింపు కాదు. పని చేసికొనుచునే మిగిలినది పూర్తిచేయు మార్గము.

వృత్తివిద్యకు ఆదర్శముగా పేర్కొనబడు జర్మనీ అనుభవము ఇచ్చట గమనింపదగినది. అచ్చట యువకుడు వారములో కొన్ని దినములు కర్మాగారములోను, కొన్ని దినములు పాఠశాలలోను నేర్చును. 1969 నాటి చట్టము ఈ పద్ధతికి ఆధారము. ఆ దేశములో సైతము ఇటీవలి సంవత్సరములలో శిక్షణ ఒప్పందములలో పావువంతు నుండి పదింట మూడువంతుల వరకు గడువునకు ముందే రద్దగుచున్నవి. ఈ మాట విని మనము తృప్తిపడరాదు. అచ్చటి గణకులు తొందరపడి వారినందరిని “విడిచినవారు” అనరు. వారిలో అనేకులు వేరొక యజమాని వద్దనో, వేరొక వృత్తిలోనో శిక్షణ కొనసాగించుచున్నారని విడదీసి చూపుదురు. అంతేకాక, ఒకటి నుండి నాలుగు నెలల పరీక్షాకాలమును చట్టమే ఏర్పరచినది. ఆ కాలములో ఉభయులలో నెవరైనను కాదనవచ్చును. పొరపాటు ఎన్నికను ముందుగనే దిద్దుకొను ద్వారమది. శిక్షణకాలమున భృతి ఏటేట పెరుగవలెనని ఆ చట్టములో నున్నది. 2020 నుండి దానికి కనీస పరిమితియు ఏర్పడినది. గురువు, భృతి, గమ్యము అను మూడు బంధములును అచ్చట ఒకేచోట, యజమాని కార్యశాలలో, ముడిపడియున్నవి.

ఇక పూర్తిచేసిన వారిని గురించియు ఒక మాట హెచ్చరికగా చెప్పుకొనవలెను. పూర్తిచేసినవారి సంఖ్య హెచ్చగానే సంతోషింపరాదు. కార్యశాలలో అడుగిడక, పేరు మాత్రము పట్టీలో నిలిపి, పరీక్షనాడు వచ్చి ధ్రువపత్రము గైకొనువాడును లెక్కలో పూర్తిచేసినవాడే. అతడు విడువకయే విడిచినవాడు. ఉద్యోగమునకు పోయినచోట ఒక్క గంట పనిలో అతని సంగతి బయటపడును. ఆ అపకీర్తి నిజముగా నేర్చినవాని పత్రమునకు సైతము అంటును. కావున లక్ష్యము అంకె పెంచుట కారాదు. మనిషి నిలుచుట, నిలిచి నేర్చుట లక్ష్యము కావలెను.

మరి నిజముగా నిలిచినవారు ఏల నిలిచిరి? వారందరును ధనవంతుల బిడ్డలు కారు. అందరును తెలివిలో అధికులును కారు. వారి పరిస్థితులలో తరచుగా కానవచ్చున వివి: ఆ ఊరినుండి అదే పని నేర్చి రైల్వే వర్క్‌షాపులోనో, విశాఖపట్టణపు ఓడల కర్మాగారములోనో, రామచంద్రాపురపు భెల్ లోనో కుదురుకొన్న అన్నయ్య యొకడుండుట. పేరుపెట్టి పిలిచి, రాకున్నచో విచారించు శిక్షకు డొకడుండుట. హాస్టలులో చోటో, బస్సుపాసో, నెలనెల చేతికందు చిన్న సహాయమో యుండుట. తొలి మూడు నెలలలో “ఇది నేను చేసితిని” అని ఇంటికి తెచ్చి చూపదగిన వస్తువొకటి తయారగుట. పై చదువునకు దారి మూసికొనిపోలేదను నమ్మకముండుట.

ఈ కడపటి విషయము తెలుగువారికి మిక్కిలి ముఖ్యము. ఐ.టి.ఐ. అనిన చదువు ముగిసిపోయినదని తల్లిదండ్రులు భయపడుదురు. నిజమునకు ఐ.టి.ఐ. పూర్తిచేసినవాడు ప్రవేశపరీక్ష వ్రాసి డిప్లొమా రెండవ సంవత్సరములో నేరుగా చేరవచ్చును. డిప్లొమా వాడు ఇసెట్ వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరములో చేరవచ్చును. వృత్తి ఇంటర్మీడియెట్టు చదివినవానికి బ్రిడ్జికోర్సు కలదు. నిచ్చెన యున్నది, నిచ్చెన యున్నదని ఇంటింట తెలియలేదు. పైకెక్కు దారి యున్నదని తెలిసిన మాత్రమున అందరును ఎక్కరు. కాని తెలియనివాడు మొదటి మెట్టుమీదనే నిలువలేడు.

ప్రభుత్వములు ఇటీవల ఈ సంస్థలపై దృష్టి నిలిపినవి. 2024లో తెలంగాణ ప్రభుత్వము 65 ఐ.టి.ఐ.లను ఉన్నత సాంకేతిక కేంద్రములుగా మార్చుటకు టాటా టెక్నాలజీస్ తో ఒప్పందము చేసికొన్నది. 2025 మే నెలలో కేంద్ర మంత్రివర్గము 60,000 కోట్ల రూపాయల వ్యయముతో 1,000 ప్రభుత్వ ఐ.టి.ఐ.లను అభివృద్ధిచేయు పథకమును ఆమోదించినది. క్రొత్త యంత్రములు రావలసినవే. కాని నిన్న రాని కుర్రవాడు ఏల రాలేదని యంత్రము అడుగదు. అది మనుష్యుడు అడుగవలసిన ప్రశ్న.

ఆ ప్రశ్న అడుగుటకు పెద్ద వ్యయము అక్కరలేదు. ప్రవేశమునకు ముందు ఒక వారము పాటు విద్యార్థిని అన్ని కార్యశాలలును త్రిప్పి, వెల్డింగు నిప్పురవ్వలను, లేత్ చప్పుడును, వైరింగు బల్లను చూపి, పిదప ఎన్నుకొనుమనవచ్చును. దీనితో బాటసారులు తగ్గుదురు. వరుసగా మూడునాళ్లు రానివాని యింటికి ఆ సాయంకాలమే టెలిఫోను చేయవచ్చును; ఆరు నెలల పిదప పంపు నోటీసు కంటె అది విలువైనది. విద్యార్థివేతనము మంజూరైనను సంవత్సరాంతమున చేరినచో అది బాకీ తీర్చుటకే గాని బస్సెక్కుటకు పనికిరాదు. నెలనెల చేరినచో అదే మొత్తము ఒకనిని నిలుపును. తొలి మాసములలో భిన్నములు, కొలతలు, డ్రాయింగు తెలుగులో మరల నేర్పు సాయంకాలపు తరగతి మూడవ తెగవానికి ప్రాణదాత. నడుమ పోయినవాడు తాను నేర్చినంత భాగము నిలువయుండి, మరల వచ్చి తక్కినది పూర్తిచేయు వీలుండవలెను. 2023లో వెలువడిన జాతీయ క్రెడిట్ విధానము ఈ ఆశయమును అంగీకరించినది. అన్నిటికంటె తేలికైన సంస్కరణ మరొకటి కలదు. హాజరుపట్టీలో “విడిచినాడు” అను మాట ప్రక్కన నాలుగు గళ్లు గీయవలెను: వేరు చదువునకు పోయెనా, ఇంటి అవసరమునకు పోయెనా, పాఠము పట్టుబడక పోయెనా, పనిలో కుదిరి పోయెనా? సంవత్సరాంతమున ఏ గడి నిండినదో చూచినచో, ఆ సంస్థలో ఏ బంధము తెగినదో ప్రిన్సిపాలు కుర్చీలో కూర్చుండియే తెలిసికొనగలడు.

ఈ సభలోనున్న కేంద్రప్రభుత్వోద్యోగులకు ఈ విషయముతో దూరపు సంబంధము కాదు. అప్రెంటిసుల చట్టము క్రింద 2019 నాటి సవరణ ప్రకారము, 30 మందికి తక్కువ గాక పనివారున్న సంస్థ తన సిబ్బందిలో 2.5 శాతము నుండి 15 శాతము వరకు అప్రెంటిసులను తీసికొనవలెను. రైల్వేలును, రక్షణ ఉత్పత్తి కర్మాగారములును, ప్రభుత్వరంగ సంస్థలును ఈ శిక్షణకు పెద్ద ఆలంబనములు. ఆయా స్థానముల ప్రకటన వెలువరించుట ఒక ఫైలులో ఆరు నెలలు ఆలస్యమైనచో, దూరపు తాలూకాలో ఒక కుర్రవాని గమ్యము ఆరు నెలలు వెనుకకు జరుగును. అతడు ఆ ఫైలును ఎన్నడును చూడడు. చదివి లాభము లేదను నిశ్చయమునకు మాత్రము వచ్చును.

ఖరగపూరు రైల్వే వర్క్‌షాపులోను, జంషెడ్‌పూరు, భిలాయి ఉక్కు కర్మాగారములలోను తరతరములుగా తెలుగు కుటుంబములు స్థిరపడియున్నవి. ఆ కుటుంబములను అచ్చట నిలిపినది పెద్ద పట్టము కాదు, చేతిలోని పనితనము. దాని ఫలముగా వారి మనుమలు నేడు ఇంజనీర్లును, అధికారులును అయినారు. ఐనను మన యిండ్లలో కుమారుడు ఐ.టి.ఐ.లో చేరుదునన్నచో మౌనము వహింతుము. దీపము ఆరిపోయిననాడు మాత్రము పని తెలిసిన ఎలక్ట్రీషియన్ దొరకుట లేదని చింతింతుము. ఆకురాయి పట్టిన కుర్రవానికి మొదట తెలియునది బొబ్బల నొప్పి కాదు. తన పనిని గురించి ఎదుటివారి కన్నులలో కనబడు చులకన. ఆ చులకన ఏ పట్టీలోను గడిగా చేరదు. కాని నాలుగు గళ్లలోను దాని పాలు కలదు.

కావున ఈ సమాజము చేయదగిన పని యొకటి కలదు. ప్రతి సభ్యుడును స్వస్థలమునకు పోయినప్పుడు అచ్చటి శిక్షణ సంస్థకు ఒక్క గంట పోవచ్చును. అప్రెంటిసు ప్రకటన లెచ్చట వెలువడునో, పై చదువునకు దారి యెటులున్నదో ఆ విద్యార్థులకు తెలుపవచ్చును. వారు చేసిన ఇనుపముక్కను చేతిలోనికి తీసికొని, మూలమట్టము ఆనించి చూచి, అంచు సరిగా నున్నచో సరిగా నున్నదని చెప్పవచ్చును. విడుచుట దినదినము కొంత కొంతగా జరుగునట్లే నిలుచుటయు జరుగును. ఇట్టి ఒక గంట వలన ఒక కుర్రవాడు మరియొక వారము నిలిచినను, ఆ వారములో అతనికి పని రుచి తెలియవచ్చును.